ఫ్యాను ముందు పీట

కోరుట్ల,
మార్చి 6.

స్వరాజ్యం వదినకు సారక్క నమస్కారం.

ఇక్కడ మేము బాగున్నం. ఫోన్ చేద్దామంటే మీకు వినవడది. మీ మనుమడు శివకృష్ణ పక్కన నిలవడి ఒర్రి చెప్తే గల్లీ అంతా వింటది. అందుకే రాస్తున్న. ఏడో తరగతి దాంక సదివిన చెయ్యి ఇది. మీరు టీచరమ్మలు, తప్పులుంటే దిద్దుకోండ్రి.

మొన్న మా ఇంటెనక సంపత్ వచ్చిండు. మీ ఉధ్నలనే బట్ట నేసే సాంచెలు నడుపుతడు. వాడు మా గడపల కూసోని, "సారక్కా, నీ మనుమరాలు నీరజ నల్లా కాడ కనవడ్డది. కండ్లు ఎర్రగున్నయ్. బాగున్నవా బిడ్డా అంటే బాగున్న మామా అన్నది గని, ఒకటే నీళ్లు కారవట్టె, కొంగుతోని తుడుసుకోవట్టె" అన్నడు. నాకు ఆ దినం బువ్వ సయించలే. వీడియో కాల్ల చూసిన. నిజంగనే ఎర్రగున్నయ్. అడిగితే "ఏం లేదవ్వా, దుమ్ము" అని ఫోన్ పక్కకు తిప్పింది.

నేను మిమ్మల్ని ఏమంటలేను వదినా. మీది కట్టుదిట్టమైన ఇల్లని తెలిసే పిల్లనిచ్చినం. కాకపోతే దాని అమ్మనాయినలు భివండిల సాంచెల మీద బతుకుతుంటే చిన్నప్పటి సంది నేనే సాదుకున్న. గట్టిగ మాట అంటే ఓర్చుకోదు. పెండ్లయి నెలన్నర కూడ కాలే, అప్పుడే ఇట్ల కండ్లనీళ్లేంది?

ఒక్క నెల నా కాడికి తోలియ్యుండ్రి. నేనే వచ్చి తీస్కపోదునేమో గని మోకాళ్లు రైలెక్కనిస్తలేవు.

మీ సారక్క


ఉధ్నా, సూరత్,
మార్చి 15.

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. నా పేరు మీద వచ్చిన ఉత్తరం విప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు కనుక నీరజకు దీని సంగతి తెలియదు. మీరు అడగకుండా అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు రాస్తాను.

మా ఇంట్లో నేను, నా కొడుకు ముత్యం, మనుమడు, నీరజ. నా కోడలు పోయిన నాటి నుంచి ఇంటి తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఉదయం వంట నేను చేస్తాను, సాయంత్రం నీరజ చేస్తుంది. బట్టలు ఎవరివి వారు ఉతుక్కుంటారు, శివకృష్ణతో సహా. మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తాం. ఆ కూలి డబ్బు ఆమె చేతికే ఇస్తాను, ఖర్చు ఏమిటని అడగను. గొంతు పెంచి మాట్లాడతానన్నది నిజమే. ఇంటి కింద సాంచెలు ఉన్నాయి. ఇన్నేళ్లుగా వాటి మోతలో ఉండి నా చెవులు పోయాయి. గొంతు పెంచకపోతే నా మాట నాకే వినపడదు.

ఇంకొకటి కూడా రాయాలి. మాది రేకుల కప్పు. మార్చిలోనే కాలిపోతోంది. ఇంట్లో గట్టిగా తిరిగే టేబుల్ ఫ్యాను ఒక్కటే ఉంది. దాని ఎదురుగా పీట వేసి నీరజను కూర్చోబెడతాను. నేను గోడ పక్కన కూర్చుంటాను. ఆ చోటు నేను కాపురానికి వచ్చినప్పుడు నాకు ఎవరూ ఇవ్వలేదు.

పెళ్లిచూపుల నాడు తెగిన నూలు పోగు ఆమె చేతికిచ్చి ముడి వేయమన్నాను, గుర్తుందా? మా ఇంటికి రాబోయే ప్రతి కోడలికీ అలాగే ఇస్తాం. తల వంచి, వెలుతురు వైపు కూడా తిరగకుండా, అద్దాలు లేని కళ్లతో వేసింది. ఆ ముడి చూశాకే సరే అన్నాను. ఇష్టపడి తెచ్చుకున్న పిల్లను ఏడిపించవలసిన అవసరం నాకేమిటి?

ఆమె కళ్లలో నీళ్లు నేనూ చూశాను. అడిగితే నాకూ దుమ్మనే చెప్పింది. నల్లా దగ్గర ఎదురింటి ఎల్లవ్వ, "కొత్త పిల్లను జర పైలంగ సూసుకో టీచరమ్మా, సూరత్ల నీళ్లకు కొరతనా, దాని కండ్లల్లకెల్లి తీస్తున్నవు" అందట. ఆ మాట నాకు వినపడలేదు. పక్కనున్న ఒకామె నా చెవిలో అరిచి మరీ చెప్పింది.

నెల రోజులు పంపడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే ఇప్పుడు పంపితే గల్లీ ఏమనుకుంటుందో మీకూ తెలుసు. అందుకని ముందు మీరు నాకు ఒకటి చెప్పాలి. ఈ పెళ్లి నీరజకు ఇష్టంగానే జరిగిందా? నాకు చెప్పనిది ఏమైనా ఉందా?

ఇట్లు,
స్వరాజ్యం


కోరుట్ల,
ఏప్రిల్ 2.

వదినా,

మీ ఉత్తరం సదివినంక రెండు దినాలు కోపంల ఉన్న. తర్వాత సల్లవడ్డ. ఇప్పుడు రాస్తున్న.

పిల్లకు ఇష్టం లేకుంట మేమెందుకు చేస్తం? శివకృష్ణ ఫోటో సూసి దిండు కింద పెట్టుకున్నది అది. మనసుల ఇంకొకటి ఉంటే నాకు తెల్వదా? అటువంటి మాట ఇంకోసారి రాయకుండ్రి. నాకు బాధయితది.

మీరు మంచిగనే సూసుకుంటున్నరని నీరజ కూడ చెప్పింది. "బాపమ్మ నాకు రోజూ ఫ్యాన్ ముందట పీట ఏస్తది అవ్వా" అన్నది. అనుకుంట నవ్వింది గని ఆ నవ్వు నాకు సక్కగ కొట్టలే.

వదినా, ఒక్క మాట. ఆ పీట జర పక్కకు జరుపుండ్రి. దానికి గాలి పడది. చిన్నప్పటి సంది అంతే. ఎందుకని అడగకుండ్రి, కొందరి ఒళ్లు గంతే. దారాలు కత్తిరిచ్చే పని కూడ జర తక్కువ చెప్పుండ్రి. ఒక్క తీరుగ సూస్తే దానికి తల నొస్తది.

సూరత్ల దూది దుమ్ము ఎక్కువ. కండ్లల్ల నీళ్లు రావా మరి? దుమ్మే అయ్యుంటది. సంపత్ గాడు ఒకటికి రెండు చెప్పే మనిషి, వాని మాట వట్టుకొని నేను రాయాల్సింది కాదు.

మీ ఒంట్ల ఎట్లున్నది? చెవులకు డాక్టర్ కాడికి పోయిండ్రా?

మీ సారక్క


ఉధ్నా, సూరత్,
ఏప్రిల్ 27.

వదిన గారికి,

నా చెవుల క్షేమం అడిగినందుకు సంతోషం. అవి బాగుపడవు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదట దుమ్మే అని తేల్చారు. తర్వాత ఫ్యాను గాలి పడదన్నారు, ఎందుకో అడగవద్దన్నారు. ముప్పై ఏళ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని నేను. ఎందుకో అడగవద్దన్న చోటే అడగాలని నాకు తెలుసు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి చోటు ఇస్తే అది పడదంటారా? ఆ పీట నేను కదపలేదు. ఎండలు పెరిగాక ఫ్యాను ఇంకొంచెం దగ్గరకు జరిపాను.

ఇక్కడ జరిగినవి వరుసగా రాస్తాను.

నీరజ తలగడ కింద వేలెడంత ప్లాస్టిక్ బుడ్డీలు ఉంటున్నాయి. దుప్పటి దులుపుతుంటే రాలాయి. ఇవేమిటని అడిగితే, "జలుబుకు బాపమ్మా" అంది. జలుబు లేదు. గత వారం సాయంత్రం మెట్లు దిగుతూ చివరి మెట్టు లేదనుకుని కాలు వేసి గోడ పట్టుకుంది. వీధి దీపం చుట్టూ వలయం కనిపిస్తోందట. తర్వాత ఆ మాట కూడా వెనక్కు తీసుకుంది. దారాలు కత్తిరిస్తూ చీరనే రెండు చోట్ల కత్తిరించింది. నేను ఏమీ అనలేదు. అనకపోయినా నీళ్లు కారాయి.

ఆదివారం నరహరి వచ్చాడు. ఇక్కడి మన తెలుగువాళ్ల సమాజానికి పెద్ద. నా దగ్గర మూడో తరగతి చదివినవాడు. అత్తాకోడళ్ల తగవు ఏ ఇంట్లో వచ్చినా ఇన్నేళ్లూ వాళ్లు నన్నే పిలిచేవారు. వెళ్లి ఇద్దరి మాటా విని, తప్పెవరిదో వాళ్ల ముఖానే చెప్పి వచ్చేదాన్ని. నరహరి కుర్చీలో సగం కూర్చుని మెల్లగా ఏదో అన్నాడు. వినపడలేదన్నాను. మళ్లీ అన్నాడు. మళ్లీ వినపడలేదు. చివరికి పాపం, గట్టిగా చెప్పవలసి వచ్చింది. "టీచరమ్మా, నీ ఇంట్లనే కోడలు ఏడుస్తున్నదని మాట వచ్చింది. కొన్ని దినాలు పంచాయతీలకు రాకు. నేనంటలేను, అందరంటున్నరు."

ఎదుటి మేడ గ్యాలరీలో నలుగురు పని ఆపి విన్నారు. ఎల్లవ్వ బియ్యం చెరిగే చాట అలాగే పట్టుకుని నిలబడింది. నీరజ లోపల గిన్నె కడుగుతోంది. ఆమె చేయి కూడా ఆగింది. పరుగున వచ్చి ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి, నోరు మూసుకుని లోపలికి వెళ్లింది. ఆమె చెప్పబోయింది ఏమిటో నాకు కావాలి.

నాకు అలసటగా ఉంది వదినా. చేయని తప్పుకు సంజాయిషీ ఇవ్వడం చేసిన పనికి కూలి అడగడం కంటే కష్టం. ఈ ఉత్తరానికి నిజం రాయండి. రాయకపోతే నీరజను నేనే వెంటబెట్టుకు వచ్చి మీ ఇంట్లో దించుతాను. తిరిగి ఎప్పుడు రావాలో అప్పుడు మాట్లాడుకుందాం.

స్వరాజ్యం


కోరుట్ల,
మే 8.

వదినా,

పిల్లను తీస్కరాకుండ్రి. మీ కాళ్లు మొక్కుత. నిజం రాస్తున్న.

నీరజకు ఆరో తరగతి సంది అద్దాలు. సన్నయి కావు, సీస అడుగంత మందంగుండేటియి. బడిల పిల్లలు సోడబుడ్డి అని పిలిచిండ్రు. పేరుతోని పిలిచినోళ్లు తక్కువ. రెండు సంబంధాలు వచ్చినయ్. ఇద్దరు పిల్లను మంచిగున్నదన్నరు, అద్దాలు సూసి లేచి పోయిండ్రు. "సాంచెల ఇంటికి అద్దాల పిల్ల ఏం పనికొస్తది" అని ఒకామె నా ముంగటనే అన్నది.

మీ సంబంధం తెచ్చినాయన ముందే చెప్పిండు, ముసలామె పోగు చేతికిస్తది, ముడి ఎయ్యమంటది అని. అద్దాలు తీస్తే దానికి పోగు కాదు వదినా, నా మొకమే కనవడది. అప్పుడు అదే అన్నది, "అవ్వా, లేజర్ చేపిచ్చుకుంట" అని. పోయిన అక్టోబర్ల కరీంనగర్ల చేపిచ్చినం. ఎంత సేపు పట్టలే. తెల్లారి లేచి గోడ మీది క్యాలెండర్ల తేదీ సదివింది. సదివి, నా మొకం రెండు చేతుల వట్టుకొని, "అవ్వా, నీకు ఇన్ని ముడుతలున్నయా" అన్నది. ఆ దినం ఎంత నవ్వినమో.

డాక్టర్ అప్పుడే చెప్పిండు, కొన్ని నెలలు కండ్లు ఎండుతయి, మంట లేస్తది, సుక్కలు ఏసుకోవాలె, గాలికి, దుమ్ముకు పైలం అని. ఆరు నెలలల్ల తగ్గుతది అన్నడు. తగ్గుతదనే పెండ్లికి తొందరవడ్డం. ఆరు నెలలు దాటింది. తగ్గకపాయె. మీరు సూసిన బుడ్డీలు గవ్వే. కండ్లు ఎండుతున్నందుకే నీళ్లు కారుతున్నయట. ఎండితే నీళ్లెట్ల కారుతయో నాకు సమజ్ కాదు, అది చెప్పింది రాస్తున్న.

శివకృష్ణకు తెలుసు. పెండ్లయిన నాలుగో దినమే అది చెప్పుకున్నది. సలాబత్‌పురాల తను పని చేసే దుకాణం కెళ్లి వచ్చేటప్పుడు సుక్కల మందు ఆయననే తెస్తున్నడు. మీ కొడుకు ముత్యానికి కూడ తెలుసట. మీకొక్కరికే తెల్వది. మీకు చెప్పేటందుకు ముగ్గురు భయపడ్డరు.

నేను అబద్ధం ఆడలే వదినా. చెప్పలే, అంతే. మీరు పోగు చేతికిచ్చిండ్రు, అది ముడి ఏసింది. ఆ ముడి దొంగది కాదు గద.

మీరు ఎంత కోపమన్న చేయుండ్రి, నా మీద చేయుండ్రి. గల్లీల మాత్రం చెప్పకుండ్రి. "కండ్లు లేని పిల్లను అంటగట్టిండ్రు" అంటరు. మళ్ల సోడబుడ్డి అంటరు. అది నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నది. "బాపమ్మకు తెలిస్తే నన్ను ఉంచుకోదు, అవ్వా" అన్నది. దానికి ఆ ఇల్లు కావాలె వదినా.

సారక్క


ఉధ్నా, సూరత్,
మే 24.

వదిన గారికి,

అబద్ధం ఆడలేదు, చెప్పలేదంతే అని రాశారు. పరీక్షలో సగం జవాబు రాసిన పిల్లలు కూడా నాతో ఇలాగే వాదించేవారు. నేను పూర్తి మార్కులు ఎప్పుడూ వేయలేదు. ఆ సంగతి అంతటితో ఉంచుదాం.

ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ముత్యం, శివకృష్ణ నా వైపు చూడకుండా అన్నం తిన్నారు. ముగ్గురూ కలిసి నా కళ్ల ముందే దాచగలిగారంటే నా ఇంటి కట్టుదిట్టం ఏపాటిదో తెలిసింది. మూడో రోజు నీరజతో, "నా కళ్లు మసకేస్తున్నాయి, ఆసుపత్రికి తోడు రా" అన్నాను. వచ్చింది. ఆటోలో గాలికి కొంగు కళ్ల మీదికి లాక్కుంది. ఇన్నాళ్లూ అది వినయమనుకున్నాను.

లోపలికి వెళ్లాక డాక్టరమ్మతో, "నావి తర్వాత చూడండి. ముందు ఈ పిల్లవి. అక్టోబరులో లేజర్ చేయించుకుంది" అన్నాను. నీరజ కుర్చీ అంచు పట్టుకుంది. పారిపోతుందేమోనని తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

డాక్టరమ్మ చిన్న వయసు గుజరాతీ పిల్ల. నన్ను "బా", అంటే నానమ్మా, అని పిలిచింది. సన్నని కాగితపు పట్టీ నీరజ కింది రెప్ప లోపల పెట్టి కాసేపు ఉంచింది. తీసి చూపించింది. కొస మాత్రమే తడిసింది, మిగతాదంతా పొడిగా ఉంది. నాకు వినపడదని కాగితం మీద హిందీలో రాసి చెప్పింది. లేజర్ చేసినప్పుడు కంటి పై పొరలో సన్నని నరాలు తెగుతాయట. అవి మళ్లీ అతుక్కునే దాకా కన్ను తాను ఎండుతున్న సంగతి సరిగా తెలుసుకోలేదట. ఎండి మండినప్పుడు ఒక్కసారిగా నీళ్లు గుమ్మరిస్తుందట. ఆ నీళ్లు నిలవవు, జారిపోతాయి, కన్ను మళ్లీ ఎండుతుంది. కొందరికి ఆరు నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది పైనే పడుతుంది. చుక్కలు మార్చింది. వెచ్చని గుడ్డ కాపడం చెప్పింది. పని చేసేటప్పుడు మధ్య మధ్య రెప్పలు మూసి తెరవమంది.

ఆ తర్వాత, "ఇంట్లో ఎక్కడ కూర్చుంటావు?" అని నీరజను అడిగింది. నీరజ నా వైపు చూసింది. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. "ఫ్యాన్ ముందట. బాపమ్మ నాకోసం పీట వేస్తది" అంది. డాక్టరమ్మ నవ్వి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నా ముందుకు తోసింది. "బా, మీరు చాలా ప్రేమగా ఈమె కళ్లు ఎండబెడుతున్నారు."

ఆ కాగితం మడిచి కొంగున కట్టుకున్నాను. ఏం చేయాలి చెప్పండి. మార్చి నుంచి మే దాకా, పూట తప్పకుండా, ఆ పీట నా చేత్తోనే వేశాను. మీరు పక్కకు జరపమంటే ఇంకా దగ్గరకు జరిపాను. ఆమె ఒక్కరోజు లేవలేదు, వద్దనలేదు. పెద్దవాళ్లు ఇచ్చిన మంచి చోటని కూర్చుంది.

ఆసుపత్రి మెట్ల మీద ఆగి నన్ను ఏదో అడిగింది. బస్సుల మోత. అయినా పెదవులు చూస్తే తెలిసింది. "బాపమ్మా, నన్ను పంపిచ్చేస్తవా?" ఆ ఒక్క మాటకు ఎవరూ నా చెవిలో అరవనవసరం లేకపోయింది.

"ముందు ఆటోను పిలువు. ఇంటికెళ్లి పప్పు పొయ్యి మీద పెట్టాలి" అన్నాను. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఆటో పిలిచింది.

దారిలో ఒక దుకాణం దగ్గర ఆపి దుమ్ముకు అడ్డంగా ఉండే పవర్ లేని అద్దాలు కొన్నాను. చూసి ముఖం తిప్పుకుంది. అద్దాలు వదిలించుకోవడానికే కదా ఇదంతా. సంచిలో వేసుకున్నాను. పెట్టుకోవాలనిపించిన రోజు అడుగుతుంది.

ఆ మధ్యాహ్నమే పీట గోడ పక్కకు మార్చాను. ఫ్యాను నా వైపు తిప్పుకున్నాను. అది ఎటు తిరిగినా ఆ చిన్న గదిలో గాలి ఆమెకు తగులుతూనే ఉంది. అందుకని సరిగ్గా ఎదురుగా నేను కూర్చున్నాను, అడ్డంగా. ఫ్యాను మొత్తం ఆపేద్దామంటే నీరజ ఒప్పుకోలేదు. "నువ్వు ఉడికిపోతవ్ బాపమ్మా" అంది.

పిల్లను పంపడం లేదు.

స్వరాజ్యం


కోరుట్ల,
జూన్ 19.

వదినా,

మీ ఉత్తరం సదివి ఏడ్సిన. నావి ఏడుపు నీళ్లే, సుక్కల మందు అక్కర లేదు.

నీరజ ఫోన్ల మాట్లాడింది. గొంతు మారింది. "అవ్వా, బాపమ్మ పొద్దున్నే గుడ్డ వెచ్చవెట్టి తెస్తది. పదిసార్లు రెప్పలు కొట్టు అని నా ముంగట కూసోని లెక్కవెడుతది. తొమ్మిదే కొట్టిన అంటే మళ్ల మొదటి నుంచి కొట్టిపిస్తది" అన్నది. అనుకుంట నవ్వింది. ఈసారి నవ్వు సక్కగనే కొట్టింది.

గని ఒక సంగతి. సంపత్ మళ్ల వచ్చిండు. ఏమన్నడో ఉన్నదున్నట్టు రాస్త, కోపం చేయకుండ్రి. "సారక్కా, ఇంతకుముందు నీ మనుమరాలును ఫ్యాన్ ముందటనన్న కూసోవెడుతుండె. ఇప్పుడు ముసలామె ఆ ఫ్యాన్ గూడ గుంజుకున్నది. పిల్లను గోడకు కూసోవెట్టి తను గాలి ఏసుకుంటున్నది. తలుపులు తెరిసే ఉంటయ్, గల్లీ అంతా సూస్తున్నది" అన్నడు.

నాకు నోటి దాంక వచ్చింది, ఆపుకున్న. మీరు చెప్పమంటే వానికి నిజం చెప్త. ఒట్టు పోతే పోనీ. మా పిల్ల కోసం మీ పేరు ఎందుకు కరాబ్ కావాలె?

మీ సారక్క


ఉధ్నా, సూరత్,
జూలై 11.

వదినా,

సంపత్ ఈసారి ఒకటికి ఒకటే చెప్పాడు. గల్లీలో మాట అదే.

నరహరి మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి ఫ్యానును చూశాడు, నన్ను చూశాడు, గోడ పక్కన చెమటతో తడిసి ఉన్న నీరజను చూశాడు. తల వంచుకుని వెళ్లాడు. వెనక వీధిలో ఒక ఇంట్లో కోడలిని బయటకు నెట్టారట. తగవు తీర్చడానికి నన్ను పిలవలేదు. వాళ్లు ఎవరిని పిలిచారో, ఆ పిల్ల గతి ఏమైందో నాకు తెలియదు. అన్నిటికంటే అదే బాధగా ఉంది. నా గురించి ఏమన్నా అనుకోనివ్వండి, ఆ పిల్లకు న్యాయం జరిగిందో లేదో తెలుసుకునే దారి కూడా పోయింది.

నీరజ ఊరుకోలేకపోయింది. నల్లా దగ్గర బిందె పక్కన పెట్టి, "ఇయ్యాల అందరికి చెప్పేస్త బాపమ్మా, నాకు ఏమైతే అదైతది" అంది. చేయి పట్టుకుని లోపలికి తెచ్చాను. "నీ కళ్ల సంగతి నీది. నీకు చెప్పాలనిపించిన రోజు నీ కోసం చెప్పు. నా పేరు కోసం చెప్పకు. నా పేరుకు డెబ్బై రెండేళ్లు. కొన్నాళ్లు ఇలా ఉన్నా అరిగిపోదు" అన్నాను. నిజానికి అరుగుతుంది. ఆ మాట ఆమెకు చెప్పనవసరం లేదు.

కాబట్టి సంపత్‌కు ఏమీ చెప్పకండి. మీ ఒట్టు అలాగే ఉంచండి.

కళ్ల సంగతి. వానలు మొదలయ్యాక గాలిలో తడి వచ్చింది. పొద్దుటి మంట తగ్గింది. చుక్కలు ఇదివరకంత తరచుగా వేయవలసి రావడం లేదు. సాయంత్రాలు ఇంకా ఎర్రబడతాయి. దీపం చుట్టూ వలయం సన్నబడిందట, పోలేదు. పూర్తిగా తగ్గిందని నేను రాయను. తగ్గిన రోజు రాస్తాను. ఆ పవర్ లేని అద్దాలు మొన్న తనే అడిగి తీసుకుంది, సాంచెల గదిలోకి ముత్యానికి టీ ఇవ్వడానికి వెళ్లేటప్పుడు. వచ్చి తీసేసి డబ్బాలో పెట్టింది. నేను చూడనట్టే ఉన్నాను.

నా సంగతి అడుగుతారు. వానాకాలంలో ఎదురు గాలి. భుజాలు పట్టేశాయి, ముక్కు కారుతోంది. చలిగా ఉన్నా ఆ చోటు వదలడం లేదు. నేను లేస్తే గాలి నేరుగా ఆమెకు తగులుతుంది. ఫ్యాను ఆపేస్తే చీరలకు తేమ పట్టి బూజు వస్తుంది. శాలువా కప్పుకుని ఫ్యాను ముందు కూర్చుంటున్నాను. చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నిన్న వాన ఆగాక ఎల్లవ్వ తన గ్యాలరీలో నిలబడి, నాకు వినపడాలని రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. "ఏందమ్మా టీచరమ్మా! గాలి మంచిగ తగుల్తున్నదా?"

వినపడనట్టు ఊరుకోవచ్చు. చెవులు పోయినందుకు నాకున్న సుఖం అదొక్కటే. శాలువా సర్దుకుని, "చాలా బాగా తగులుతోంది ఎల్లవ్వా!" అని అంతే గట్టిగా చెప్పాను. వెంటనే తుమ్ము వచ్చింది.

వెనక్కు తిరిగి చూస్తే నీరజ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు నిండాయి, చెంపల మీదికి జారాయి. కొంగుతో తుడుచుకుంది.

ఎల్లవ్వ అది కూడా చూసింది.

మీ
స్వరాజ్యం